కుడి పైమూలన పువ్వు

జూన్ 3

అత్తా,

నాలుగు ఆదివారాలుగా ఫోన్ చేస్తున్నాను, మోగడం లేదు. బిల్లు కట్టడం మర్చిపోయారా, లేక నా వాగుడు భరించలేక తీసి పక్కన పెట్టావా? కాగితం మీదైతే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని ఉత్తరం.

పోయినసారి మాట్లాడినప్పుడు "ఏమీ తోచడం లేదే పొట్టీ, గోడలు చూస్తూ కూచుంటున్నా" అన్నావు. నీ నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. అందుకే ఈ పార్సిల్ పంపుతున్నాను. నలభై మడత కార్డులు, ఒక పువ్వు ముద్ర, ఒక ఆకు ముద్ర, సిరా దిండు, ఆరు నీటి రంగులు, రెండు కుంచెలు ఉంటాయి. ముద్రల రబ్బరు కొంచెం అరిగింది. మా గ్రీటింగు కార్డుల వర్క్‌షాపులో పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను.

పద్ధతి చెబుతాను విను. ముందు ముద్ర, తర్వాతే రంగు. ముద్రని సిరా దిండులో అదిమేయకు, చంటిపిల్లకి పౌడరు అద్దినట్టు పైపైన తట్టు. కార్డు మీదికి నిలువుగా దించి, నాలుగు వైపులా సమానంగా నొక్కి, నిలువుగానే పైకి తీయి. చెయ్యి ఏమాత్రం ఊగినా రబ్బరు అంచు కూడా పడి పువ్వు చుట్టూ కంచె వేసినట్టు ఉంటుంది. సిరా ఆరాక, ఆరాకే అత్తా, నీ తొందర నాకు తెలుసు, రేకు లోపల ఉత్త నీళ్ళు పూయి. ఆ తడి మధ్యలో ఒక్క చుక్క రంగు ముట్టించి చెయ్యి తీసేయి. తడి ఉన్నంత మేరా రంగు దానంతటదే పాకుతుంది, తడి లేని చోట ఆగిపోతుంది. ఒక పువ్వు వెనక ఇంకో పువ్వు ఉన్నట్టు కావాలంటే, మొదటిదాని మీద అదే ఆకారంలో కత్తిరించిన కాగితం కప్పి రెండోది కొట్టు.

ఇక్కడ నా సంగతి మామూలే. పొడుగాటి గదిలో పద్నాలుగు మందిమి. దుమ్ము పడుతుందని కిటికీలు తీయనివ్వరు. నాది ముద్రల బల్ల. రెండేళ్ళ ఎనిమిది నెలలుగా అదే ఐదు రేకుల పువ్వు. రంగుల బల్ల వాళ్ళు దానికి ఏ రంగు వేస్తారో చూసే తీరిక కూడా ఉండదు. మా సూపర్‌వైజరు పొద్దస్తమానం స్కేలు పట్టుకుని తిరుగుతుంది, అందుకే స్కేలమ్మ అంటాం. పువ్వు అరంగుళం జరిగితే చాలు, మనం ఆమె కాలు తొక్కినంత బాధపడిపోతుంది.

మామయ్యని అడిగానని చెప్పు. ఒక కార్డు చేసి పంపు.

నీ పొట్టి

జూన్ 14

పొట్టీ,

పార్సిల్ అందింది. విప్పుతుంటే పిల్లల పలకల పెట్టె వాసన వచ్చింది. ఈ వయసులో నాకు బొమ్మలు పంపావేమిటే అని నవ్వుకున్నాను గాని, ఆ సాయంత్రమే బల్ల మీద పరిచేశాను.

ఫోన్ చెడిపోయింది. బాగు చేసేవాడు రేపు మాపు అంటున్నాడు. నువ్వు ఉత్తరాలే రాయి. నా ఉత్తరాలు కింది వాటాలో టైలరమ్మ తీసుకెళ్ళి తనే స్టాంపులు అంటించి డబ్బాలో వేస్తుంది. కూరగాయలు కూడా తనే తెచ్చిపెడుతోంది. నా మోకాళ్ళకి మూడంతస్తులు దిగి ఎక్కడం కష్టంగా ఉంది.

మొదటి మూడు కార్డులూ తగలేశాను. ఆరేదాకా ఆగు అన్నావు కదా, నేను ఆగానా? నీళ్ళు పూయగానే నల్లసిరా మొత్తం రేకుల్లోకి దిగింది. పువ్వు కాస్తా బొగ్గుల కుప్పయింది. నాలుగోదానికి కంచె పడింది. తర్వాత మెల్లిగా చెయ్యి కుదిరింది. రంగు అలా తనంతట తాను పాకుతుంటే చూడటం భలే ఉందే! చెప్పకూడదు గాని, అన్నం మాడినా లేవబుద్ధి కాలేదు.

మీ మామయ్య బాగానే ఉన్నారు. రిటైరైన మనిషి, పేపరు చదువుకుంటూ కూచుంటారు. నీకు ఆశీస్సులు చెప్పమన్నారు.

బాగా వచ్చిన ఐదు పంపుతున్నాను. వంకలు పెట్టకు.

నీ అత్త

జూన్ 27

అత్తా,

నువ్వు మనిషివా మిషనువా? ఐదు కార్డుల్లో ఒక్క ముద్ర కూడా వంకర లేదు, ఒక్క అంచు పడలేదు, సిరా ఎక్కడా చిక్కబడలేదు. నాకు ఆ చెయ్యి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఊరికే ఉండలేక స్కేలమ్మకి చూపించాను. స్కేలు పెట్టి కొలిచింది. ఐదూ ఒకే కొలత! "ఇది కొత్త చెయ్యి కాదు, ఎక్కడో ఏళ్ళ తరబడి పని చేసిన చెయ్యి" అంది. మా అత్త జన్మలో ముద్ర ముట్టలేదండీ అంటే నమ్మదే!

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. పువ్వులన్నీ కుడి పైమూలనే ఎందుకు? కార్డంతా ఖాళీగా వదిలేసి, మూలన ఒకే పువ్వు. చూడగా చూడగా బాగుంది, మా వాళ్ళు కూడా కొత్తగా ఉందన్నారు. ఆ ఆలోచన నీకెలా వచ్చింది?

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయిందట. వేళ్ళు మొద్దుబారి టీ గ్లాసు జారిపోతోంది. రోజుకి తొమ్మిది వందల ముద్రలు, ఎన్నాళ్ళని తట్టుకుంటుంది? ఆగస్టు రెండున ఆపరేషను. చిన్నదే, భయం లేదు. కానీ మూడు వారాలు ఆ చెయ్యి వాడకూడదు. నా గదిలో ఉండే బైండరు అమ్మాయి పొద్దున్నే పనికి పోతుంది. జడ వేసుకోలేను, బట్టలు పిండుకోలేను.

ఒక్క పది రోజులు వచ్చి నా దగ్గర ఉండవా అత్తా? రైలు ఆరు గంటలే. అమ్మ పోయాక నాకు జడ వేసింది నువ్వే కదా.

నీ పొట్టి

జూలై 8

పొట్టీ,

ఆపరేషను మాట రెండుసార్లు చదివాను. డాక్టరు మంచివాడేనా? ఇంకొకరికి కూడా చూపించు. ఆ చేత్తో బరువులెత్తకు.

నాకు రావాలనే ఉంది తల్లీ. మోకాళ్ళ సంగతి రాశాను కదా, ఆరు గంటలు రైల్లో కూచుంటే లేవలేను. మీ మామయ్యకి వంట చేసిపెట్టేవాళ్ళు లేరు. పైగా ఇంటికి రంగులు వేయిస్తున్నాం, పనివాళ్ళని వదిలి కదలడం కుదరదు. బైండరు అమ్మాయినే సాయం అడుగు. కావాలంటే నేను టైలరమ్మ చేత నాలుగు జాకెట్లు ముందు హుక్కులతో కుట్టించి పంపుతాను, ఒంటిచేత్తో వేసుకోవచ్చు.

ఇంకో పన్నెండు కార్డులు పెట్టాను. పువ్వు మూలనే బాగుంటుందని అలా వేశాను, ఇంకేమీ లేదు. ఖాళీ కార్డులు అయిపోయాయి. వీలైతే ఎక్కువ పంపవే. వంద పంపినా పరవాలేదు. సిరా దిండు కూడా.

నీ అత్త

జూలై 17

అత్తా,

ఇంటికి రంగులు. పోయిన ఏడాది వస్తానంటే కూడా ఇదే చెప్పావు. అంతకు ముందు సున్నాలన్నావు. ఆ మూడు గదులకి ఇన్నిసార్లు రంగులు వేస్తే ఈపాటికి గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి.

పోనీ నిజం మాట్లాడుకుందాం. నేను ఇల్లు వదిలి ఈ పనిలో చేరతానంటే "పోతే పో, మళ్ళీ మా మొహం చూడక్కర్లేదు" అన్నావు. కోపంలో అన్నావనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, మనసులో మాటే అన్నావని. ఫోన్ తీయవు, రమ్మనవు, రావు. మామయ్య కూడా ఒక్క ముక్క రాయరు. చిన్నప్పుడు కవరు మీద అడ్రసు ఎలా రాయాలో నా చెయ్యి పట్టుకుని నేర్పించిన మనిషి!

నాకు చెయ్యి కోస్తారంటే నువ్వు వంద కార్డులు పంపమన్నావు. పంపుతున్నాను. నూట ఇరవై ఉన్నాయి. పూలు వేసుకుంటూ హాయిగా ఉండు. నీకున్న తీరిక అందరికీ ఉండదు.

పొట్టి

ఆగస్టు 9

(ఎడమ చేత్తో. కోడిగీతలు.)

ఆపరేషను అయింది. బాగానే ఉన్నాను. బైండరు అమ్మాయి సెలవు పెట్టింది. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఇక రాయను, నువ్వూ రాయక్కర్లేదు. మామయ్య ఆరోగ్యం జాగ్రత్త.

ఆగస్టు 14

పొట్టీ,

నేను జవాబు రాశాను. నీ ఉత్తరం అందిన రోజే రాశాను. అది నిన్న తిరిగి మా ఇంటికే వచ్చింది. కవరు మీద ఎర్రసిరాతో 'వాడిన స్టాంపు, పంపినవారికి వాపసు' అని ఉంది.

ఆ రోజు టైలరమ్మ దగ్గర స్టాంపులు అయిపోయాయని నేనే అంటించి, కవరు వరండా వైపు కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాను. మీ మామయ్య దాన్ని చూశారు. ముద్ర పడని స్టాంపు కనబడితే ఆయన చెయ్యి ఊరుకుంటుందా? పువ్వు ముద్ర తీసి సరిగ్గా దాని మీద కొట్టారు. నేను వచ్చేసరికి టైలరమ్మ కిటికీలోంచి కవరు తీసుకుని వెళ్ళిపోయింది. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఆయన చేతి కింద నుంచి ముద్ర లేకుండా పోయిన స్టాంపు ఒక్కటి లేదు. ఇదీ పోలేదు.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. ఈసారి టైలరమ్మే దగ్గరుండి పోస్టు చేస్తుంది. అది చదివాక కూడా రాయొద్దంటే రాయను.

నీ అత్త

(కవరులో మడిచి పెట్టినది)

జూలై 22

పొట్టీ,

నిన్ను వద్దనుకునేదాన్నైతే జాకెట్లకి ముందు హుక్కులు పెట్టించాలని నాకెందుకు తోచేదే?

ఇంటికి రంగులు లేవు. నా మోకాళ్ళకి ఏమీ కాలేదు. ఫోన్ చెడిపోలేదు, తీగ నేనే పీకేశాను. అది మోగితే మీ మామయ్య ఆఫీసు నుంచి పిలుపు అనుకుని చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడతారు. తలుపు తీయకపోతే బాదుతారు.

నువ్వు వెళ్ళిన రెండు నెలలకి మొదలైంది. ఒకరోజు డ్యూటీ అని బయల్దేరి రెండు రోజులు కనబడలేదు. గూడ్సు బళ్ళు ఆగే చోట దొరికారు, కాళ్ళకి చెప్పులు లేకుండా. అప్పటి నుంచి తలుపుకి తాళం. తాళంచెవి నా మెడలో ఉంటుంది. ఆయన్ని లోపల పెట్టి తాళం వేశాననుకున్నాను గాని, నేనూ లోపలే ఉన్నానని తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఈ మూడు గదుల్లో ఎన్ని అడుగులో నాకు తెలుసు. వంటింటి నుంచి కిటికీకి పదకొండు. కిటికీలోంచి కనబడే బస్టాపులో ఎవరు ఏ బస్సెక్కుతారో తెలుసు. పచ్చ గొడుగు ఆవిడ వారం రోజులుగా రావడం లేదు, ఏమైందోనని నాకు బెంగ.

మొదట్లో ఆయనకి తన సంగతి అర్థమయ్యే రోజులుండేవి. అలాంటి ఒక రోజు నా చెయ్యి పట్టుకుని "పొట్టికి చెప్పకు, దాని ముందు నేను పెద్దమనిషిగానే ఉండాలి" అన్నారు. ఒట్టు వేయించుకున్నారు. అందుకే నీతో ఇన్ని అబద్ధాలు. ఇప్పుడు ఆ ఒట్టు ఆయనకే గుర్తు లేదు, నేనొక్కదాన్నే మోస్తున్నాను.

ఆ కార్డులు నేను కొట్టినవి కాదే. నాలుగోదానికి కంచె పడిందని విసుక్కుని ముద్ర కింద పెడితే ఆయన తీసుకున్నారు. టక్కున దిండు మీద, టక్కున కార్డు మీద. స్టాంపు ఉండాల్సిన చోట, కుడి పైమూలన. నేను ఇంకోటి ముందు పెట్టాను. ఇంకోటి. రెండు గంటలు తలుపు వైపు చూడలేదు. "ఇవాళ టపా ఎక్కువగా ఉంది మేడం" అన్నారు. నన్ను మేడం అంటారు. పక్క బల్ల గుమాస్తా అనుకుంటారు. నలభై ఏళ్ళు కాపురం చేశాక మేడం అనిపించుకోవడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. కానీ ఆ రెండు గంటలూ నేను తలస్నానం చేశాను, కూచుని టీ తాగాను, ఆరిన పువ్వులకి రంగులు వేశాను. అందుకే వంద కార్డులు అడిగాను. కార్డులు అయిపోతే ఆయన గోడల మీద, కరెంటు బిల్లు మీద, నా చీర కొంగు మీద కొడుతున్నారు.

నీకు చెయ్యి కోస్తుంటే రాలేకపోయాను. దీనికి నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ పూలు వేసుకుంటూ హాయిగా ఉన్నానని మాత్రం అనకు.

నీ అత్త

ఆగస్టు 20

అత్తా,

రెండు ఉత్తరాలూ చదివాను. తీరిక అన్నాను నిన్ను. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు, క్షమించు.

చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, పనిలోకి రానివ్వరు. ఇరవై ఐదున బయల్దేరి వస్తున్నాను. రెండు రోజులు ఉంటాను. వద్దని రాసినా అది అందేలోపు రైలెక్కేస్తాను.

పొట్టి

సెప్టెంబరు 5

పొట్టీ,

క్షేమంగా చేరావని నీ కార్డు వచ్చింది. ఆయన నిన్ను గుర్తుపట్టలేదని ఏడుస్తూ వెళ్ళావు. నీ అడ్రసు అడిగి, "పిన్‌కోడు వేయడం మర్చిపోకమ్మా" అన్నారు కదా. ఆ మాట ఆయన అందరితోనూ అనరు, అంతవరకు నమ్ము.

నీతో ఒకటి చెప్పాలి. ఇన్ని చెప్పాక ఇది దాచుకోలేను. రెండో రోజు మధ్యాహ్నం కళ్ళ డాక్టరు దగ్గరికని వెళ్ళాను చూడు, నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. మెట్లు దిగాను, రోడ్డు దాటాను, రోజూ పైనుంచి చూసే ఆ బస్టాపులో కూచున్నాను. ఎండ తగులుతుంటే ఒళ్ళంతా కొత్తగా ఉంది. ఒక బస్సు వచ్చింది, ఎక్కాను. కండక్టరు ఎక్కడికమ్మా అంటే చివరిదాకా అన్నాను.

తిరిగి రాకూడదనే ఎక్కాను పొట్టీ. నువ్వు ఉన్నావు, ఆయనకి అన్నం పెడతావు, ఎలాగోలా ఏదో ఒకటి చేస్తావు, నేను మాత్రం ఇక ఆ గదుల్లోకి వెళ్ళను అనుకున్నాను. ఎక్కడికి పోవాలో తెలియదు. పోవాలని మాత్రం తెలుసు. ఎనిమిది స్టాపులు దాటాక పమిట సర్దుకుంటే మెడలో తాళంచెవి చేతికి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, అలవాటు కొద్దీ బయట నుంచి తాళం వేసి వచ్చేశానని. కట్టు కట్టుకున్న చేత్తో నువ్వు లోపల. ఏ నిప్పో అంటుకుంటే? నడుస్తున్న బస్సులోనే లేచి అరిచాను. మధ్యలో దిగి, ఆటో చేసుకుని వచ్చాను.

నువ్వేమీ అనలేదు. తాళం వేసినట్టు నీకు తెలియలేదేమో అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. నేను నీ కోసం వెనక్కి వచ్చాను. ఆయన కోసం కాదు. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నీ అత్త

సెప్టెంబరు 11

అత్తా,

తాళం సంగతి నాకు తెలుసు. నువ్వు వెళ్ళిన గంటకి మామయ్య కార్డులు పక్కకి తోసేసి చెప్పులు వేసుకున్నారు. కాస్త గాలికి వరండాలోకి తీసుకెళ్దామని తలుపు లాగాను, రాలేదు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆయన తలుపు బాదడం మొదలుపెట్టారు. "టపా బండి వెళ్ళిపోతుంది, తీయండి మేడం" అని నన్నే బతిమాలారు. నేను ఒంటిచేత్తో ఆయన్ని ఆపలేను, తీయనూ లేను. కిందికి కేకేద్దామంటే టైలరమ్మ మిషను చప్పుడుకి నా గొంతు వినబడదు. చివరికి తలుపుకి ఆనుకుని నేలమీద కూలబడి ఏడ్చాను. ఆయనా పక్కనే కూచున్నారు.

రెండు గంటల్లోనే నాకు ఊపిరాడలేదు. నువ్వు దాదాపు మూడేళ్ళుగా ఉన్నావు. నువ్వు వచ్చాక ఒక్క మాట అననిది అందుకే. నీ మొహం చూస్తే ఏ డాక్టరు దగ్గర్నుంచీ వచ్చినట్టు లేదు.

నన్ను రంగుల బల్లకి మార్చారు. ముద్రలు ఇక వద్దన్నాడు డాక్టరు. స్కేలమ్మ రెండు శనివారాలకొకసారి సెలవు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇరవై రెండున వస్తున్నాను. ఈసారి కళ్ళ డాక్టరని చెప్పకు, ఎక్కడికని అడగను. తాళంచెవి నా చేతికిచ్చి వెళ్ళు. సాయంత్రానికి నువ్వు రాకపోయినా ఆయనకి అన్నం పెట్టి పడుకోబెడతాను. మర్నాడు రాకపోయినా పెడతాను. నిన్ను ఒక్క మాట అనను. ఎవర్నీ అననివ్వను.

పొట్టి

సెప్టెంబరు 25

పొట్టీ,

నువ్వు రైలెక్కి రెండు రోజులైంది. నువ్వు అడగనన్నావు, అడగలేదు. నేనే చెబుతాను.

చివరి స్టాపుదాకా వెళ్ళాను. చూడటానికి ఏమీ లేదక్కడ, బస్సులు కడిగే షెడ్డు, ఒక టీ కొట్టు, అవతల చదునుగా పొలాలు. బెంచీ మీద కూచుని రెండు టీలు తాగాను. ఎవరూ నన్ను మేడం అనలేదు. చేతిలో సంచీ, సంచీలో రెండు చీరలు, నా చదువు సర్టిఫికెట్టు. ఆయన పెన్షను పుస్తకం పెట్టుకోలేదు. నీకు కనబడకుండా సర్దుకున్నాను. మెడలో ఏమీ లేదు. వెనక ఎవరూ చిక్కుకుని లేరు. నన్ను వెనక్కి లాగే వంక ఒక్కటీ లేకుండా చేసి పంపావు నువ్వు.

నాలుగు బస్సులు తిరిగి వెళ్ళిపోయాయి, చూస్తూ కూచున్నాను. ఐదోది ఎక్కాను.

ప్రేమ ఉండి ఎక్కావా, అలవాటుకొద్దీ ఎక్కావా అంటే చెప్పలేను. దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చాను, అది కూడా దేనికో తెలియదు. ఇప్పుడు రాస్తుంటే పక్క గదిలో ఆయన తలుపు గడియ లాగి చూస్తున్నారు. ఈ గదులు అవే, అడుగులు అవే. కానీ ఆ బస్సు నేను ఎక్కాను పొట్టీ. నన్నెవరూ ఎక్కించలేదు.

వచ్చే నెల ఆరో తేదీన రా.

నీ అత్త